పాతబస్తీ మెట్రో: చెక్కులు ముందొచ్చాయి, పరిశీలన ఏదీ?

హైదరాబాద్ పాతబస్తీకి మెట్రో రావద్దని అక్కడ ఎవరూ అనడం లేదు. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా రైలు 2020 ఫిబ్రవరిలోనే నడిచింది. ఆ తర్వాత ఫలక్‌నుమా వరకు పోవాల్సిన ముక్క మాత్రం కాగితాల్లోనే ఉండిపోయింది. 2024 మార్చి 8న ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి శంకుస్థాపన చేశారు. తర్వాత మార్గాన్ని చాంద్రాయణగుట్ట దాకా పెంచారు. మొత్తం 7.5 కిలోమీటర్లు, ఖర్చు 2,741 కోట్లు.

అసలు పేచీ పర్యావరణ పరిశీలన దగ్గరే ఉంది. ఇంత పెద్ద పని కదా, కేంద్రం అనుమతి తప్పనిసరి అనుకుంటారు చాలామంది. కాదు. ముందస్తు పర్యావరణ అనుమతి ఏయే పనులకు కావాలో 2006 నోటిఫికేషన్‌లో జాబితా ఉంది. హైవేలు, విమానాశ్రయాలు అందులో ఉన్నాయి. రైలు మార్గాలు, మెట్రో లేవు. రేపు వాల్మీకిపురం మీదుగా పోయే పాకాల–ధర్మవరం లైను పక్కన ఇంకో పట్టా వేసినా ఇదే రూలు. జాబితాలో లేకపోతే ఆ చట్టం కింద జనం ముందు విచారణ పెట్టాల్సిన పనీ లేదు.

మరి అడిగేదెవరు? ఒకటి, అప్పిచ్చే బ్యాంకులు. రెండో దశ ఖర్చులో దాదాపు సగం విదేశీ సంస్థల రుణంగా తేవాలని ప్రణాళిక. ఏడీబీ లాంటివి పర్యావరణ నివేదిక చూడకుండా డబ్బు ఇవ్వవు. అంటే పాతబస్తీ గోడలకు ఏమవుతుందో ఇక్కడి చట్టం అడగదు, మనీలాలో కూర్చున్న బ్యాంకు అడుగుతుంది! రెండోది కోర్టు. వారసత్వ కట్టడాలపై ప్రభావం చూడకుండానే పని మొదలెట్టారంటూ 2025లో హైకోర్టులో ప్రజాప్రయోజన వ్యాజ్యం పడింది. కట్టడాలకు నష్టం రానివ్వబోమని, చార్మినార్ స్టేషన్ దూరంగానే ఉంటుందని అధికారులు చెబుతున్నారు.

దూరం ఒక్కటే చూస్తే సరిపోదు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, శాలిబండ, అలియాబాద్ పక్కన డంగు సున్నంతో కట్టిన పాత గోడలు ఎన్నో ఉన్నాయి. పిల్లర్ల కోసం నేల తవ్వేటప్పుడు వచ్చే అదురు వాటికి ఎంత తగులుతుందో ముందే కొలవాలి. మస్జిద్‌లు, ఆషూర్‌ఖానాలు, కబరస్తాన్‌ల సంగతీ అంతే. పాత ఢిల్లీలో చావ్డీ బజార్, జామా మస్జిద్ దగ్గర మెట్రోను భూమి లోపలే నడిపారు. ఖర్చు ఎక్కువే, కానీ పైన బజారు మిగిలింది. పాతబస్తీలో మాత్రం పిల్లర్ల మీద వంతెన, దాని కోసం 100 అడుగుల రోడ్డు. భూగర్భం ఎందుకు కుదరదో లెక్కలతో చెప్పాల్సింది పరిశీలన నివేదికలోనే.

ఇక మనుషులు. మొదట అధికారులు చెప్పిన లెక్క ప్రకారం దెబ్బతినే ఆస్తులు సుమారు 1,100. గజానికి 81,000 రూపాయల చొప్పున 2025 జనవరిలో చెక్కులు ఇవ్వడం మొదలైంది. ఓనరుకు ఈ రేటు నచ్చొచ్చు. అదే ఇంటి కింద అద్దె దుకాణంలో గాజులో, అత్తరో, టైలరింగో చేసుకునేవాడికి గజాల లెక్క పనికిరాదు. అతని ఆస్తి గిరాకీయే. 2013 భూసేకరణ చట్టంలో సామాజిక ప్రభావ అంచనా ఉన్నది ఇలాంటివాళ్ల కోసమే. కానీ మౌలిక వసతుల పనులను దాని నుంచి మినహాయించే వీలు కల్పిస్తూ తెలంగాణ ఆ చట్టాన్ని సవరించుకుంది. కిరాయిదారులు ఎంతమంది, ఏళ్ల తరబడి పని సాగితే వాళ్ల రోజు ఎలా గడుస్తుంది అన్న లెక్క గోడలు కూల్చక ముందే తీయాలి. కూల్చాక ఆ దుకాణం ఎవరిదో చెప్పడానికి అక్కడ తలుపు కూడా ఉండదు.