పరమాణువు సాక్ష్యం

శామీర్‌పేట చెరువు గట్టున నిలిచి, నిశ్చలమైన నీటిలోకి రెండు రాళ్లను ఒకేసారి విసిరితే రెండు అలల వలయాలు పుడతాయి. అవి కలిసిన కొన్ని చోట్ల నీరు ఉబుకుతుంది. కొన్ని చోట్ల నిలకడగా ఉంటుంది. ఇదే వ్యతికరణం. ఆశ్చర్యమేమంటే, రెండు మార్గాలు తెరచి ఉంచినప్పుడు ఒక్కొక్కటిగా పంపిన పరమాణువులు సైతం ఇటువంటి చారలనే ఏర్పరుస్తాయి. ఏ పరమాణువు ఏ దారిన వచ్చిందో తెలిసే ఏర్పాటు చేస్తే మాత్రం ఆ చారలు మాయమవుతాయి. తరంగ స్వభావం, కణ స్వభావం రెండూ సత్యాలే. కాని ఒకే ప్రయోగంలో రెండూ పూర్తిగా వ్యక్తం కావు. 1927లో నీల్స్ బోర్ ప్రతిపాదించిన పరస్పర పూరకత్వ సూత్రం సారాంశమిదే.

చారలు ఎందుకు చెదురుతాయి? దారి తెలుసుకొనే యత్నంలో పరమాణువును కదిలించడం వల్లనేనని విజ్ఞులు చాలాకాలం వివరించారు. ఐన్‌స్టీన్‌కు బోర్ ఇచ్చిన సమాధానం కూడా అటువంటిదే. 1998లో జర్మనీలోని కాన్‌స్టాంజ్ విశ్వవిద్యాలయంలో డ్యూర్, నాన్, రెంపె అనే శాస్త్రజ్ఞులు ఆ వివరణను పరీక్షకు పెట్టారు. రుబీడియం పరమాణువు పోయిన దారిని మైక్రోవేవ్ తరంగాల సాయంతో దాని అంతఃస్థితిలోనే గుర్తుగా నిలిపారు. ఆ గుర్తు వేయడంలో తగిలే తాకిడి చారలను చెరపజాలనంత స్వల్పం. అయినా చారలు అదృశ్యమయ్యాయి! పరమాణువు గమనం, దాని అంతఃస్థితి విడదీయరాని ముడిగా పెనవేసుకోవడమే కారణమని తేలింది. దీనినే ఎంటాంగిల్‌మెంట్, అనగా క్వాంటం చిక్కుముడి అంటారు. ఆ గుర్తును ఎవరూ చదవనక్కరలేదు. అది ఉండడమే చాలు.

బోర్ సూత్రం నిలిచింది. దానికి చెప్పిన పాత వివరణ చాలలేదు. ఎంతటి మహనీయుని మాటైనా పరీక్షకు నిలిచినప్పుడే శాస్త్రమవుతుంది. ఇవన్నీ మన ప్రాచీన గ్రంథాలలో ఉన్నవేనని తృప్తిపడేవారు ఈ సంగతి గమనించాలి. ప్రాచీన వాఙ్మయం పూజనీయమే. కాని ముఖాన్ని చంద్రునితో పోల్చిన కవి, ముఖాన్ని కొలిచి చంద్రుని వ్యాసం చెప్పడు. పోలిక వేరు, నిరూపణ వేరు.

తెలుగువారికి ప్రయోగనిష్ఠ కొత్త కాదు. కాంతికణానికి ‘స్పిన్’ అనే గుణముందనడానికి 1931లో సి.వి. రామన్‌తో కలిసి ప్రయోగపూర్వకమైన ఆధారం చూపిన సూరి భగవంతం కృష్ణాజిల్లావారు. తరువాత ఉస్మానియా ఉపకులపతి అయ్యారు.

2023లో కేంద్రప్రభుత్వం 6,003.65 కోట్ల రూపాయలతో జాతీయ క్వాంటం మిషన్‌ను ఆమోదించింది. 2008లో శామీర్‌పేటకే బిట్స్ పిలానీ ప్రాంగణం వచ్చింది. విద్యాలయాలు చేరువైనంత మాత్రాన విజ్ఞానం చేరువ కాదు. మేడ్చల్ విద్యార్థి ‘ద్వంద్వ స్వభావం’ అనే మాటను రెండు మార్కుల జవాబుగా కంఠస్థం చేసి ఊరుకోరాదు. “ఇది ఏ ప్రయోగం వల్ల తెలిసింది?” అని అడగాలి. ఆ ప్రశ్నతోనే చదువు మొదలవుతుంది.