లారీ ఘాట్ ఎక్కుతుంది, పేరు పోర్టల్‌లో ఆగుతుంది: సాలూరు రవాణా వ్యాపారం నేర్పుతున్న డేటా పాఠం

విశాఖ, విజయనగరం వైపు నుంచి 26వ నంబరు జాతీయ రహదారి మీద వెళితే, కొండ ఎక్కే ముందు తగిలే చివరి పెద్ద ఊరు సాలూరు. పి.కోనవలస ఘాట్ దాటితే ఒడిశాలోని సుంకి. అక్కడి నుంచి కొరాపుట్, జయపురం, జగదల్‌పూర్, ఇంకా పైకి రాయ్‌పూర్. ఈ రోడ్డే సాలూరును లారీల ఊరిగా మార్చింది. రాష్ట్రంలో విజయవాడ తర్వాత ఎక్కువ లారీలు సాలూరు వాళ్లవేనని ఉత్తరాంధ్రలో చెప్పుకుంటారు. బాడీ కట్టే షెడ్లు, వెల్డింగ్, పెయింటింగ్, టైర్లు, మెకానిక్ దుకాణాలు అన్నీ ఆ చక్రాల చుట్టూ తిరిగే బతుకులే. తెలుగు రాష్ట్రాల్లో ఈ పనుల్లో ముస్లిం కుటుంబాలు తరాల నుంచి ఉన్నాయి. కాబట్టి లారీ వ్యాపారంలో వచ్చే ఏ మార్పైనా చాలా ఇళ్ల పొయ్యి మీదికి వస్తుంది.

ఆ మార్పు ఇప్పుడు వచ్చేసింది. పాత రోజుల్లో ఇబ్బంది అంటే చెక్‌పోస్టు దగ్గర క్యూ. 2017 జూలై 1న జీఎస్టీ రావడంతో వాణిజ్య పన్నుల చెక్‌పోస్టులు పోయాయి. వాటి స్థానంలో వెబ్ పోర్టళ్లు వచ్చాయి. ఇప్పుడు లారీ ఆగాలంటే గేటు అక్కర్లేదు, పోర్టల్‌లో ఒక్క గడి తప్పుగా ఉంటే చాలు. ఆ గడిని ఎవరు నింపారు, తప్పు ఎవరిది, దిద్దేది ఎవరు, నష్టం ఎవరి జేబులోంచి పోతోంది? చిన్న లారీ యజమానికి అసలు ప్రశ్నలు ఇవే.

ఒకే లారీ, అర డజను రికార్డులు

ఒక లారీకి ఈరోజు ఎన్ని చోట్ల రికార్డు ఉందో లెక్క వేద్దాం. ఆర్‌సీ, ఫిట్‌నెస్, పర్మిట్, ట్యాక్స్ వివరాలు వాహన్‌లో ఉంటాయి. డ్రైవర్ లైసెన్స్ సారథిలో. ఎక్కించిన సరుకు వివరం ఈ-వే బిల్లు పోర్టల్‌లో. టోల్‌గేటు లెక్క ఫాస్టాగ్ ఇచ్చిన బ్యాంకు దగ్గర. పాలసీ ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గర. అప్పు ఉంటే ఫైనాన్స్ సంస్థ దగ్గర ఇంకో ఫైలు. ఇవి కాక ఈ-చలాన్ వేరు.

వీటిలో కొన్ని ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. ఈ-వే బిల్లు పోర్టల్‌కు ఫాస్టాగ్ సమాచారం 2021 నుంచే అందుతోంది. కానీ మూలం ఒక్కటి కాదు. యజమాని పేరు, చిరునామా, ఫోన్ నంబరు ప్రతి చోటా విడిగా టైపు చేసినవే. సాఫ్ట్‌వేర్ పని తెలిసినవాళ్లు మొదట నేర్చుకునే సూత్రం ఒకటుంది: ఒక నిజాన్ని ఒక్క చోటే రాయాలి, మిగతా చోట్ల దాన్ని చూపించాలి. అదే నిజాన్ని ఆరు చోట్ల రాస్తే, ఏదో ఒక రోజు ఆరూ ఆరు మాటలు చెబుతాయి.

మొదటి చిక్కు పేరు దగ్గరే

ఈ చిక్కు ముస్లిం కుటుంబాలకు మరీ ఎక్కువ. అరబీ, ఫార్సీ మూలం నుంచి ఉర్దూలోకి వచ్చిన పేరు తెలుగులో ఒకలా పలుకుతుంది, ఇంగ్లీషులో నాలుగు రకాలుగా రాస్తారు. షేక్ అన్న రెండక్షరాలకే ఇంగ్లీషులో ఎన్ని రూపాలు! ఒకరు మధ్యలో ‘ఏ-ఐ’ వేస్తారు, ఇంకొకరు ‘ఈ-ఐ’, మరొకరు చివర ‘హెచ్’ తగిలిస్తారు. మహమ్మద్ ఒక కార్డులో పూర్తిగా ఉంటే, ఇంకో కార్డులో ‘ఎండీ’ అని కుదించుకుపోతుంది. ఆడవాళ్ల పేర్లలో బీ, బీబీ, బేగం ఒకదాని బదులు ఒకటి పడిపోతాయి. పైగా కోస్తాలో షేక్, సయ్యద్ ఇంటిపేరు స్థానంలో ముందు వస్తాయి. మొదటి పేరు, చివరి పేరు అని రెండు గడులు పెట్టే ఫారంలో ఏది ఎక్కడికి పోవాలో నింపేవాడికే తెలియదు.

ఉదాహరణకు ఒక యజమాని పేరు ఆధార్‌లో షేక్ మహబూబ్ బాషా, ఆర్‌సీలో ఎస్.ఎం.బాషా, పాన్‌లో మహబూబ్ బాషా షేక్ అని ఉందనుకుందాం. మనిషి చూస్తే ముగ్గురూ ఒక్కరే. అక్షరానికి అక్షరం పోల్చే ప్రోగ్రాంకు మాత్రం ముగ్గురు వేర్వేరు మనుషులు. ఫాస్టాగ్ కేవైసీ ఆగిపోవచ్చు, ఇన్సూరెన్స్ క్లెయిమ్‌లో ‘అదనపు పత్రాలు తెండి’ అనవచ్చు. తండ్రి చనిపోయాక లారీ కొడుకు పేరు మీదికి రావాలంటే అఫిడవిట్లు, నోటరీలు మొదలవుతాయి.

ఇది కొత్తగా పుట్టిన సమస్య కాదు. ఒకే ఉచ్చారణ ఉన్న పేర్లను ఒక గుంపుగా పట్టుకునే సౌండెక్స్ పద్ధతికి అమెరికాలో 1918లోనే పేటెంట్ వచ్చింది. అది ఇంగ్లీషు ఉచ్చారణ కోసం చేసినది. ఉర్దూ, తెలుగు పేర్లకు తగ్గట్టు అలాంటి పోలికను తయారు చేయడం ఈరోజు ప్రోగ్రామర్లకు అసాధ్యం కాదు. అయినా చాలా ఫారాలు ‘పేరు సరిపోలలేదు’ అనేసి చేతులు దులుపుకుంటాయి. దిద్దుకునే దారి కూడా ఇరుకే. ఆధార్‌లో పేరు మార్పుకు జీవితంలో రెండు అవకాశాలే ఉన్నాయి. తొందరపడి ఒకటి వాడేసుకుంటే మిగిలేది ఒక్కటే.

నంబరు చెప్పే అబద్ధం

పేరు మారుతుంది కాబట్టి కంప్యూటర్లు నంబరును పట్టుకుంటాయి. మంచిదే. కానీ నంబర్లన్నీ ఒక్కటి కావు.

జీఎస్టీ నంబరు 15 అక్షరాలు. మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి: ఆంధ్రకు 37, తెలంగాణకు 36, ఒడిశాకు 21, ఛత్తీస్‌గఢ్‌కు 22. తర్వాత పది అక్షరాలు పాన్. చివరి అక్షరం తనిఖీ కోసం లెక్క కట్టి పెట్టినది. మధ్యలో ఒక్కటి తప్పు కొడితే ఆ లెక్క తప్పి పోర్టల్ వెంటనే పట్టేస్తుంది. ఆధార్ చివరి అంకె కూడా ఇలాంటిదే.

లారీ నంబరులో ఆ ఏర్పాటు లేదు. ఒక అంకె అటూ ఇటూ అయితే అది ఇంకో లారీ నంబరు అయిపోతుంది. చూడటానికి మాత్రం సరైన నంబరులాగే ఉంటుంది. ఈ-వే బిల్లులో ఇలాంటి తప్పులు పడటానికి ఇదొక కారణం.

ఇంకో సంగతి. ఏపీ 35 అంటే విజయనగరం జిల్లా అని ఉత్తరాంధ్రలో చిన్నపిల్లాడు కూడా చెప్పేవాడు. 2019లో రాష్ట్రమంతటికీ ఏపీ 39 అనే ఒకే సిరీస్ వచ్చింది. 2022 ఏప్రిల్ 4న సాలూరు పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పాత లారీల మీద పాత నంబరు అలాగే ఉంది. నంబరు చూసి జిల్లా చెప్పేలా రాసిన సాఫ్ట్‌వేర్ ఏదైనా ఉంటే ఆ రోజుతో అది అబద్ధం చెప్పడం మొదలుపెట్టినట్టే. గుర్తింపు నంబరు గుర్తింపుకే వాడాలి, ఊరు, జిల్లా వేరే గడిలో ఉండాలి. జిల్లాల హద్దులు మారే దేశంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

చట్టం దగ్గర ఉన్న రక్షణ

పోర్టల్ తప్పు అంటే యజమాని గుండె జారిపోతుంది. భయపడేవాడి దగ్గరే మధ్యవర్తులు పుడతారు. అందుకే చట్టం ఏమంటోందో తెలిసి ఉండాలి.

సరుకు విలువ 50 వేలు దాటితే, ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి వెళ్లేటప్పుడు ఈ-వే బిల్లు 2018 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరి. మామూలు లారీకి 200 కిలోమీటర్లకు ఒక రోజు గడువు. ఘాట్‌లో బండి పాడై సరుకు ఇంకో లారీలోకి మార్చితే, కదిలే ముందు పార్ట్-బిలో కొత్త నంబరు ఎక్కించాలి. గడువు అయిపోయేలా ఉంటే, అది తీరడానికి 8 గంటల ముందు నుంచి తీరిన 8 గంటల తర్వాత వరకు పొడిగించుకోవచ్చు.

బిల్లు లేకపోతే, లేదా పెద్ద లోపం ఉంటే 129వ సెక్షన్ కింద సరుకునూ బండినీ ఆపేయవచ్చు. సరుకు యజమాని ముందుకొస్తే, పన్ను పడే సరుకుకు పన్నుకు రెండింతలు జరిమానా. అయితే చిన్న తప్పులకు ఇది వర్తించకూడదని కేంద్ర పరోక్ష పన్నుల బోర్డు 2018 సెప్టెంబర్ 14న 64వ నంబరు సర్క్యులర్ ఇచ్చింది. జీఎస్టీ నంబరు సరిగ్గా ఉండి పేరు స్పెల్లింగ్ తప్పినా, లారీ నంబరులో ఒకటి రెండు అక్షరాలు తప్పినా, కేంద్ర చట్టం కింద 500, రాష్ట్ర చట్టం కింద 500, మొత్తం వెయ్యి రూపాయలతో వదలాలి. బండి ఆపితే ఏడు రోజుల్లో నోటీసు ఇవ్వాలి, నోటీసు అందిన ఏడు రోజుల్లో ఉత్తర్వు ఇవ్వాలి. సరుకు గొడవ తేలకపోయినా, విధించిన జరిమానా లేదా లక్ష రూపాయలు, ఏది తక్కువైతే అది కట్టి లారీని విడిపించుకునే హక్కు రవాణాదారుకు ఉంది. ఈ సర్క్యులర్ ప్రింటు ప్రతి లారీ క్యాబిన్‌లో ఉండటం మంచిది.

రికార్డు దిద్దకపోతే ఏమవుతుందో సుప్రీంకోర్టు 2018 ఫిబ్రవరిలో నవీన్ కుమార్ కేసులో చెప్పింది. బండి చేతులు మారినా రిజిస్టర్‌లో ఎవరి పేరుంటే ప్రమాద పరిహారం విషయంలో వాళ్లే యజమాని. ‘ఎప్పుడో అమ్మేశాను’ అంటే చెల్లదు. లారీ అమ్మి, ఫారం 29, 30 మీద సంతకాలు పెట్టి ‘కొన్నవాడు మార్చుకుంటాడులే’ అని ఊరుకున్నవాళ్లకు ఇది పెద్ద హెచ్చరిక. రాష్ట్రంలోనే అమ్మితే 14 రోజుల్లో ఆర్టీఏకు తెలపాల్సిన బాధ్యత అమ్మినవాడిదే.

ఆఫీసు కంప్యూటర్‌లో ఏం మారాలి

పోర్టళ్లను సాలూరు నుంచి మార్చలేం. సొంత ఆఫీసు లెక్క మాత్రం మన చేతిలోనే ఉంది. పది లారీల ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకు ఖరీదైన సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ఒక స్ప్రెడ్‌షీట్‌ను పద్ధతిగా ఉంచితే సగం తలనొప్పి తగ్గుతుంది.

లారీలకు ఒక షీటు, మనుషులకు ఒకటి, ట్రిప్పులకు మరొకటి ఉండాలి. ట్రిప్పు షీటులో యజమాని పేరు మళ్లీ టైపు చేయకూడదు, లారీ నంబరు రాస్తే చాలు. నంబరును ఖాళీలు, గీతలు లేకుండా ఒకే తీరులో రాయాలి. పార్టీలను పేరుతో కాక జీఎస్టీ నంబరుతో గుర్తుపెట్టుకోవాలి. ప్రతి మనిషి పేరు ఏ కార్డులో ఎలా ఉందో పక్కపక్కనే గడుల్లో రాసి పెట్టుకుంటే, తేడా ఎక్కడుందో సమస్య రాకముందే కనబడుతుంది.

ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్, పర్మిట్, పొల్యూషన్ తేదీలు నిజమైన తేదీ గడుల్లో ఉండాలి. అప్పుడే నెల ముందు రంగు మారి గుర్తు చేస్తాయి. ఎనిమిదేళ్లు దాటిన లారీకి ఫిట్‌నెస్ ఏటా చేయించాలన్నది మరువరాదు. ఏ మార్పు ఎవరు ఏ రోజు చేశారో ఒక వరుసలో రాయాలి, పాతదాన్ని చెరిపేయకూడదు. వారానికోసారి ఒక కాపీ వేరే చోట దాచాలి.

అన్నిటికంటే ముఖ్యం ఫోన్ నంబరు. చాలా రికార్డుల్లో ఏజెంటు నంబరో, మానేసిన డ్రైవర్ నంబరో ఉండిపోతుంది. ఓటీపీ అటు పోతుంది, చలాన్ మెసేజ్ అటు పోతుంది. ఈ-వే బిల్లు లాగిన్‌కు 2025 ఏప్రిల్ 1 నుంచి అందరికీ రెండంచెల ధ్రువీకరణ తప్పనిసరి అయ్యాక, ఫోన్ ఎవరి దగ్గర ఉంటే తాళం వాళ్ల దగ్గర ఉన్నట్టే. డ్రైవర్ల ఆధార్, లైసెన్స్ ఫొటోలు వాట్సాప్ గ్రూపుల్లో తిప్పడం కూడా మానాలి. అవి అమానత్. ఒకరి చేతికి ఇచ్చినవి ఊరంతా తిరగకూడదు.

రాసేవాళ్ల బాధ్యత

విశాఖ, హైదరాబాద్, బెంగళూరు ఐటీ కంపెనీల్లో ఇప్పుడు మన పిల్లలు చాలామంది ఉన్నారు. వ్యాపార వెబ్ సిస్టమ్‌లు రాసేది వాళ్లే. పేరుకు రెండు గడులు పెట్టాలా ఒకటా, సరిపోలకపోతే తిప్పి పంపాలా మనిషికి చూపించాలా అని నిర్ణయించేది ఆ బల్లల మీదే. తప్పు పడకుండా చూడటం ఎంత పనో, పడిన తప్పును తేలిగ్గా దిద్దే దారి ఇవ్వడం కూడా అంతే పని. వక్ఫ్ ఆస్తుల కోసం 2025 జూన్ 6న ఉమీద్ పోర్టల్ తెరిచాక ముతవల్లీలకూ ఎదురైన ప్రశ్న ఇదే: దశాబ్దాల కాగితాన్ని ఆరు నెలల్లో గడుల్లోకి ఎలా సర్దాలి?

చట్టం కూడా నెమ్మదిగా ఇటే వస్తోంది. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం తన సమాచారంలోని తప్పును దిద్దించుకునే హక్కును మనిషికి ఇచ్చింది. దాని నియమాలు 2025 నవంబర్‌లో వెలువడ్డాయి, ప్రధాన బాధ్యతలు 18 నెలల తర్వాత, అంటే 2027లో అమల్లోకి వస్తాయి. అప్పుడు బీమా కంపెనీ అయినా, ఫైనాన్స్ సంస్థ అయినా ‘సిస్టమ్‌లో అలాగే ఉంది’ అని తప్పించుకోవడం కష్టం. డ్రైవర్ల కాగితాలు కంప్యూటర్‌లో పెట్టుకునే ట్రాన్స్‌పోర్ట్ ఆఫీసుకూ ఆ బాధ్యత వస్తుంది.

ఈలోగా చేయదగిన పని ఒకటుంది. ఇంట్లో ఎవరి పేరున బండి ఉందో వాళ్ల ఆధార్, పాన్, ఆర్‌సీ, లైసెన్స్, ఇన్సూరెన్స్ ఒక బల్ల మీద పరిచి, పేరూ పుట్టిన తేదీ ఫోన్ నంబరూ ఒకదానితో ఒకటి పోల్చాలి. తేడా ఉంటే ఏది దిద్దడం తేలికో చూసి, అక్కడి నుంచి మొదలుపెట్టాలి. ప్రమాదం జరిగాకో, పెద్దాయన పోయాకో ఆ పని మొదలుపెడితే, లోడు దొరికినా లారీ కదలదు.