బండి మాది, పాస్‌వర్డ్ వాళ్ళది

మొన్న ఆఫీసు క్యాంటీన్‌లో ఒక మిత్రుడు తేల్చి పారేశాడు. "బీఎస్-6 వచ్చాక ఆటోనగర్ పనైపోయింది బాస్. స్పానర్ పట్టుకునేవాడికి ఈసీఎం ఏం అర్థమవుతుంది?" అని. అక్కడ గొడవెందుకులే అని ఊరుకున్నా గానీ, ఇంటికొచ్చాక కూడా ఆ మాట వదల్లేదు. ఎందుకంటే స్పానర్ పట్టుకునే మనిషి ఈసీఎం సంగతి తేల్చడం నేను పక్కన నిలబడి చూశా. తేల్చాక ఆయన్ని ఆపింది ఏంటో కూడా చూశా. అది తెలివితక్కువతనం కాదు.

తెలియనివాళ్ళ కోసం ఒక ముక్క. ఇంజిన్‌లోకి డీజిల్ ఎప్పుడు, ఎంత కొట్టాలో నిర్ణయించే కంప్యూటరే ఈసీఎం. 2020 ఏప్రిల్ 1 నుంచి దేశమంతా బీఎస్-6 బళ్ళే అమ్మాలన్నాక, పొగలో విషాన్ని తగ్గించే యూరియా ద్రావణం (లారీవాళ్ళ భాషలో యాడ్‌బ్లూ) లెక్క కూడా దీని చేతిలోకే వెళ్ళింది.

ఇక మా బాబాయి లారీ కథ. 2024 సెప్టెంబరు 1న బుడమేరు నీళ్ళు సింగ్ నగర్‌ని ముంచినప్పుడు అది అక్కడే ఆగి ఉంది. ఇంజిన్ సగం దాకా మునిగింది. నీళ్ళు తీశాక ఆయిలు, ఫిల్టర్లు మార్చి, కనెక్టర్లు ఆరబెట్టి స్టార్ట్ చేస్తే చక్కగా లేచింది. "గట్టి పిండంరా" అని బాబాయి మురిసిపోయాడు. ఎనిమిది నెలలు తిరిగింది కూడా. 2025 మే నెలలో కైకలూరు నుంచి హౌరాకి చేపల లోడుతో పోతూ, రాజమండ్రి దాటకుండానే చెక్ లైటు వెలిగింది, పికప్ పోయింది, కాసేపటికి మొత్తంగా ఆగిపోయింది. మే నెల ఎండ, ఐసు మీద చేపలు! ఇంకో లారీ మాట్లాడి, లోడు మార్చి, మళ్ళీ ఐసు కొట్టించి పంపేసరికి ఆ ట్రిప్పు కిరాయి మొత్తం ఆవిరైంది. బండిని లాక్కుని ఆటోనగర్ తెచ్చాం.

అక్కడ ఎలక్ట్రికల్ మేస్త్రీ గారు స్కానరు పెట్టారు. నాలుగు సెన్సర్ల మీద ఒకేసారి కోడ్లు. నేనైతే నాలుగు సెన్సర్లూ మార్చమనేవాణ్ణి. ఆయన నవ్వి, "ఒకే ఇంట్లో నలుగురూ ఒకే రోజు చస్తే జబ్బు కాదు బాబూ, బావిలో విషం ఉన్నట్టు" అన్నారు. బావి అంటే ఆ నాలుగింటికీ ఈసీఎం నుంచి వెళ్ళే 5 వోల్టుల సప్లై. మీటరు పెడితే అక్కడ 2 కూడా లేదు. ఒక సెన్సరు లోపల షార్ట్ అయినా సప్లై ఇలాగే పడిపోతుంది. అందుకని ఒక్కొక్క సెన్సరూ ఊడదీసి చూశారు. అన్నీ తీసేసినా వోల్టేజి లేవలేదు. సరే, వైరింగ్ ఎక్కడన్నా ఒరుసుకుని బాడీకి తగులుతోందేమో? రెండు వైపులా విప్పి చూశారు, శుభ్రంగా ఉంది. ఈసీఎంకి వచ్చే కరెంటూ ఎర్తూ సరిగ్గా ఉన్నాయా? ఇక్కడ మీటరుని నమ్మలేదు. ఒక్క తీగపోగు మిగిలున్నా మీటరు 24 చూపిస్తుందట. అందుకే హెడ్‌లైట్ బల్బు కట్టి, లోడు మీద చూశారు. బల్బు దేదీప్యమానంగా వెలిగింది. మాడ్యూళ్ళు మాట్లాడుకునే రెండు తీగల మధ్య 60 ఓములు ఉండాలి (రెండు చివర్లా చెరో 120), ఉన్నాయి. అన్నీ అయ్యాక అప్పుడు చెప్పారు, "బోర్డే పోయింది ఓనరు గారూ" అని. ఈసీఎం పిన్నుల మీద పచ్చటి చిలుము చూపించారు. బుడమేరు నీళ్ళు ఎనిమిది నెలల తర్వాత బాకీ వసూలు చేసుకున్నాయన్నమాట.

డీబగ్గింగ్ అంటే ఇదీ. అనుమానం వచ్చిన పార్టు మార్చేయడం కాదు, అది కానివన్నీ ఒక్కొక్కటీ కొట్టేసుకుంటూ రావడం. నేను జీతం తీసుకుంటూ చేసే పని ఇదే, ఇంత శుభ్రంగా ఎప్పుడూ చెయ్యలేదు.

కంపెనీ కౌంటర్‌లోనే కొత్త ఈసీఎం కొన్నాం. బిగించడానికి అరగంట. స్టార్ట్ అవలేదు, అవదు కూడా. కొత్త డబ్బాలో ఈ బండి చాసిస్ నంబరు ఉండదు, ఈ ఇంజిన్‌కి సరిపోయే లెక్కల ఫైలు ఉండదు, ఆరు ఇంజెక్టర్ల కోడ్లు ఉండవు. (తయారీలో ఏ రెండు ఇంజెక్టర్లూ అచ్చంగా ఒకేలా రావు. ఆ తేడా ఎంతో ప్రతిదాని మీదా కోడ్ ముద్రించి ఉంటుంది, అది ఈసీఎంకి చెప్పాలి.) ఆ కోడ్లు మేస్త్రీ గారు అంతకుముందెప్పుడో ఇంజెక్టర్లు విప్పినప్పుడే తన నోట్‌బుక్కులో రాసిపెట్టుకున్నారు! ఇక కావలసింది కంపెనీ సర్వర్‌లో లాగిన్. అది వాళ్ళ వర్క్‌షాపులకి తప్ప ఎవరికీ ఇవ్వరు.

వర్క్‌షాపుకి లాక్కెళ్తే, "బయట చెయ్యి పెట్టిన బండి, మళ్ళీ మొదట్నుంచి చూడాలి, వైరింగ్ మొత్తం మార్చాలేమో" అన్నారు. వరసలో నిలబెట్టారు. పదకొండు రోజులు. ఫైనాన్స్ వాయిదా మాత్రం వరసలో నిలబడదు కదా. ఆఖరికి లాప్‌టాప్ తగిలించి చేసిన పని ఇరవై ఐదు నిమిషాలు. మధ్యలో ఆ కుర్రాడు ఇంజెక్టర్ల కోడ్లు కావాలి, పై కవర్ విప్పాలి, దానికి వేరే కూలీ అవుతుంది అన్నాడు. బాబాయి ఫోన్ చేస్తే మేస్త్రీ గారు నోట్‌బుక్కు చూసి చదివేశారు.

ఇప్పుడు అవతలివాళ్ళ వాదన. "లాగిన్ అందరికీ ఇస్తే సాఫ్ట్‌వేర్ మార్చేస్తారు, పొగ పెరుగుతుంది" అంటారు. మోసాలు లేవని నేననను. యాడ్‌బ్లూ పొయ్యకుండానే పోసినట్టు నమ్మించే డబ్బాలు అమ్ముతారు, కొనే ఓనర్లున్నారు, వాళ్ళని నేను వెనకేసుకు రాను. కానీ ఆ డబ్బా ఏం చేస్తుంది? తీగల మీద దొంగ మెసేజీలు పంపుతుంది. దానికి కంపెనీ లాగిన్ అక్కర్లేదు. అంటే ఈ తాళం దొంగని ఆపట్లేదు, ఇంటాయన్ని ఆపుతోంది.

నా వృత్తి గురించి కాబట్టి ఇది కాస్త గట్టిగానే చెప్తా. సంతకం వేరు, తాళం వేరు. మీ ఫోన్‌కి అప్‌డేట్ వస్తే మంచం మీద పడుకుని మీరే నొక్కుతారు. కంపెనీ ఇంజనీరు మీ ఇంటికి రాడు. ఎందుకంటే ఆ ఫైలు మీద కంపెనీ డిజిటల్ సంతకం ఉంటుంది, ఒక్క బిట్టు మారినా ఫోన్ ఒప్పుకోదు. ఎవరు నొక్కారన్నది అనవసరం. ఈసీఎంకీ అదే పని చెయ్యొచ్చు. చాసిస్ నంబరూ, ఆర్‌సీ చూసి సర్వర్ సంతకం చేసిన ఫైలు ఇస్తుంది, మేస్త్రీ ఎక్కిస్తాడు, మార్చాలని చూస్తే ఈసీఎం తిప్పికొడుతుంది. పొగ సంగతి చూసుకునేది సంతకం. లాగిన్ తాళం చూసుకునేది వర్క్‌షాపు బిల్లు సంగతి. ఈ రెంటినీ కలిపేసి మాట్లాడటమే ఇక్కడి అసలు మోసం. పైగా తాళంచెవి చేతిలో ఉన్నవాళ్ళు పతివ్రతలా? 2015లో బయటపడిన ఫోక్స్‌వ్యాగన్ వ్యవహారంలో ప్రపంచవ్యాప్తంగా కోటీ పది లక్షల కార్లలో పరీక్షని మోసం చేసే సాఫ్ట్‌వేర్ పెట్టింది ఏ ఆటోనగర్ మేస్త్రీ?

ఇదేమీ గొంతెమ్మ కోరిక కాదు. యూరప్‌లో పెద్ద బళ్ళ యూరో-6 చట్టం (595/2009) బయటి మెకానిక్కులకి కూడా రిపేరు సమాచారం ఇచ్చి తీరాలంది. ఊరికే కాదు, సమంజసమైన రుసుము తీసుకునే. మన దగ్గర 2014 ఆగస్టులో కాంపిటీషన్ కమిషన్ 14 కార్ల కంపెనీలకి 2,544 కోట్ల జరిమానా వేసి, విడిభాగాలూ డయాగ్నస్టిక్ పరికరాలూ బయటివాళ్ళకి అందేలా చూడమంది. తర్వాత షరా మామూలే, అప్పీళ్ళు, స్టేలు. అదీ కార్ల కేసు, లారీల ఊసు లేదు. 2022 డిసెంబరులో కేంద్రం రైట్ టు రిపేర్ పోర్టల్ పెట్టింది. మంచిదే. కానీ పోర్టల్ చట్టం కాదు, అందులో మాన్యువల్ వెతుక్కోవచ్చేమో గానీ మేస్త్రీ గారికి లాగిన్ రాదు.

మేం ఫ్రీగా అడగట్లేదు. ఒక్కో ప్రోగ్రామింగ్‌కి ఇంత అని రేటు పెట్టండి, ఆధార్, జీఎస్‌టీ నంబరు అన్నీ తీసుకోండి, ఎవరు ఏ బండికి ఏం ఎక్కించారో లాగ్ రాసుకోండి. పదకొండు రోజుల కిరాయితో పోలిస్తే ఆ రుసుము బాబాయికి టీ ఖర్చు.

ఆయన ఇంకో లారీ కొనే ఆలోచనలో ఉన్నాడు. షోరూముకెళ్ళి మైలేజీ, వాయిదా, వారంటీ అడిగొచ్చాడట. "బాబాయ్, ఈసారి నేనూ వస్తా" అన్నా. ఈసీఎం మారిస్తే బయటి షెడ్డుకి లాగిన్ ఇస్తారా, ఇస్తే ఎంత అని అడగాలి, జవాబు కాగితం మీద రాసివ్వమనాలి. "అడుగు, నవ్వుతారు" అన్నాడు బాబాయి. నవ్వనీ.