ఆ పచ్చ గీత ఏం చెబుతోంది?



మన సేలం, నామక్కల్ వైపు సభ్యుల్లో లారీ ఉన్న ఇళ్లు తక్కువేమీ కాదు. కూటం ముగిసి భోజనాల దగ్గర చేరితే మాట లారీల మీదికే పోతుంది. కొత్త బండి కొన్నవాణ్ణి అందరూ అడిగేది ఒకటే: "ఎన్ని హార్స్ పవర్?" ఆ ప్రశ్న తప్పు కాదు. దానితోనే ఆపేయడం తప్పని మా అభిప్రాయం.

మేము చదివింది తమిళ మీడియం. టార్క్‌ను అక్కడ 'మురుక్కు విసై' అనేవారు. వినగానే మాకు జంతికలే గుర్తొచ్చేవి. తెలుగులో మెలితిప్పే బలం అనుకుందాం. బిగుసుకున్న చక్రం నట్టు విప్పడానికి స్పానరుకు పైపు తొడిగి తొక్కుతామే, అదే టార్క్. నట్టు కదలకపోయినా బలం ఉంటుంది. ఆ బలంతో ఎంత వేగంగా తిప్పగలిగామన్న లెక్క హార్స్ పవర్. టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణించి 9549తో భాగిస్తే కిలోవాట్లు వస్తాయి.

ఒక లెక్క వేసి చూడండి. కంపెనీ కాగితంలో 2300 ఆర్‌పీఎం దగ్గర 300 హార్స్ పవర్, 1100 నుంచి 1700 వరకు 1100 న్యూటన్ మీటర్ల టార్క్ అని ఉందనుకుందాం. 1700 దగ్గరే ఆ ఇంజను సుమారు 265 హార్స్ పవర్ ఇచ్చేస్తుంది. మిగిలిన 35 కోసం ఇంకో 600 చుట్లు తిప్పాలి, అక్కడికి చేరేసరికి టార్క్ 915 దాకా పడిపోతుంది. అదే ఎత్తులో లోడు మీదపడి చుట్లు తగ్గితే టార్క్ పెరుగుతుంది, 1100 వరకు బండి పట్టు విడవదు. అంతకన్నా కిందికి పోనిచ్చామా, ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతుంది, గేరు ముందే తగ్గించి ఉండాలి. ఈ పట్టు ఇరుకుగా ఉన్న బండిలో డ్రైవరుకు ఎత్తు పొడుగునా గేరు మార్చడమే పని, మార్చిన ప్రతిసారీ వేగం పోతుంది. కాబట్టి హార్స్ పవర్ ఎంత అని అడిగాక, టార్క్ ఎక్కడి నుంచి ఎక్కడిదాకా నిలుస్తుందని కూడా అడగండి.

మా రైల్వేలో డబ్ల్యూడీజీ-4, డబ్ల్యూడీపీ-4 అని రెండు డీజిల్ ఇంజన్లున్నాయి. రెండూ 4000 హార్స్ పవరే. ఒకటి గూడ్సు లాగడానికి, ఇంకొకటి ప్యాసింజరు బండిని పరుగెత్తించడానికి. అంకె ఒకటే, పని వేరు.

ఇప్పుడు అసలు మాట. ధర్మపురి నుంచి సేలం వచ్చే దారిలో తొప్పూరు కనుమ మనందరికీ తెలుసు. అక్కడ జరిగే ప్రమాదాలూ తెలుసు. ఆర్‌పీఎం మీటరులో పచ్చ గీత బండి లాగేటప్పుడు డీజిల్ పొదుపుకు. దిగేటప్పుడు లెక్క తిరగబడుతుంది. తక్కువ గేరులో, పచ్చ గీత దాటి, ఎర్ర గీత తాకకుండా చుట్లు ఎక్కువగా ఉన్నప్పుడే ఇంజనూ ఎగ్జాస్ట్ బ్రేకూ బాగా పట్టి ఆపుతాయి. ఆ గేరు కూడా దిగుడు మొదలుకాకముందే వేయాలి. న్యూట్రల్‌లో వేగం అందుకున్న లోడు బండికి మధ్యలో గేరు పడటం కష్టం.

40 టన్నుల బండి 100 మీటర్ల ఎత్తు దిగితే, ఒక లీటరు డీజిల్ మండినంత శక్తి ఎక్కడో ఒకచోట ఖర్చు కావాలి. గాలి, టైర్లు కొంత తింటాయి. మిగిలినది ఇంజను తీసుకోకపోతే బ్రేకు డ్రమ్ముల్లోకే పోతుంది. డ్రమ్ములు కాలిపోయాక పెడల్ ఎంత తొక్కినా పట్టదు.

మరి డ్రైవరు న్యూట్రల్ ఎందుకు వేస్తాడు? లీటరుకు ఇన్ని కిలోమీటర్లు వస్తే ఇంత ఇనాం అని మనం ఆశ పెట్టాం గనక. ఇప్పటి ఎలక్ట్రానిక్ ఇంజన్లలో గేరులో ఉండి కాలు తీస్తే డీజిల్ పూర్తిగా ఆగిపోతుంది, చక్రాలే ఇంజనును తిప్పుతాయి. న్యూట్రల్‌లో అయితే ఇంజను ఆగకుండా ఉండటానికి డీజిల్ పోస్తూనే ఉండాలి. "కింద ఆ వేగంతో ఇంకా దూరం దొర్లుతుంది కదా సార్" అంటారు డ్రైవర్లు. నిజమే, కొంత మిగులుతుంది. ఆ కాస్త మిగులు కోసం ఒక మనిషిని అలా దింపడం మాకు సమ్మతం కాదు. తప్పు డ్రైవరుదని చేయి దులుపుకోవడం అంతకన్నా సమ్మతం కాదు. లారీ నడిపిన అనుభవం మాకు లేదని కొందరు సభ్యులు అనవచ్చు. లెక్క చూడటానికి స్టీరింగు పట్టక్కర్లేదు.

కనుమ ఉన్న రూట్లలో మైలేజీ ఇనాం ఆపండి. ఆ డబ్బు బత్తాలో కలపండి, లేదా బ్రేకు లైనర్లు ఎన్నాళ్లు వచ్చాయో చూసి ఇవ్వండి. లారీ ఉన్న సభ్యులు వచ్చే కూటానికి మీ డ్రైవరును వెంట తీసుకురండి, బండితో వచ్చిన కంపెనీ కాగితం కూడా తెండి. టార్క్ గీత వాళ్లతోనే కూర్చుని చదువుదాం.