ఆది జాకెట్టు మార్చండి

"బీరువా నిండా చీరలుండగా మళ్ళీ బట్టలెందుకు?" అని భర్త అడుగుతాడు. అడగడంలో తప్పేమీ లేదు. పెళ్ళినాటి పట్టుచీరలు సరేసరి. సీమంతానికి పెట్టినవి రెండు, బారసాలనాడు చుట్టాలు చేతిలో పెట్టినవి నాలుగు, పుట్టింటినుంచి వచ్చేటప్పుడు సారెతో వచ్చినవి రెండు. ఎలా లెక్కవేసినా పాతిక, ముప్ఫై తేలతాయి. ఇంతా ఉండి, మూడోనెల బిడ్డను భుజాన వేసుకున్న తల్లి ఆ బీరువా ముందు కాసేపు నిలబడి, "పెళ్ళికి నేను రానులెండి, మీరూ అత్తయ్యగారూ వెళ్ళిరండి" అంటుంది.

బద్ధకం వల్ల అన్న మాట కాదది. చీర సరిపోతుంది, జాకెట్టు సరిపోదు. ఆ సంగతి పైకి చెప్పడానికి ఆ అమ్మాయికి సిగ్గు. చెబితే "లావయ్యావు" అంటారని భయం. కొత్తవి కుట్టించుకుంటానంటే ఆస్పత్రి ఖర్చు, పాలడబ్బా ఖర్చు, టీకాల ఖర్చు కళ్ళముందు తిరుగుతాయి. అంచేత నైటీమీద తువ్వాలు వేసుకుని ఇంట్లోనే ఉండిపోతుంది. ఒక వారం, ఒక నెల, చూస్తూండగానే ఒక సంవత్సరం.

ఐదున్నర మీటర్ల చీరకి కొలతలతో పనిలేదు. కన్నెపిల్లకూ, నిండు చూలాలికీ, బాలింతకూ అదే చీర. చిక్కంతా పైన వేసుకునే కుట్టుబట్టతోనే. మన పల్లెల్లో ముసలమ్మలు తొడుక్కునే ముడి రవిక చూశారా? ముందువైపు రెండు కొసలూ తెచ్చి ముడి వేసుకోవడమే. ఒళ్ళు పెరిగితే ముడి వదులు, తగ్గితే ముడి బిగువు. బిడ్డ ఏడిస్తే ముడి విప్పడం ఒక్క క్షణం పని. ఆ రవికకు ఆది అక్కర్లేదు. మనం ముడి మాని హుక్కులు పెట్టుకున్నాం, ఒంటికి అతికినట్లు కుట్టించుకోవడం నేర్చుకున్నాం. అందంగానే ఉంది, కాదనను. కాని అతికినట్లున్న బట్ట ఒళ్ళు మారినప్పుడు తానూ మారాలి గదా!

ఒళ్ళు ఎందుకు మారుతుందో తెలిస్తే సగం దిగులు తగ్గుతుంది. కడుపుతో ఉన్నప్పుడు పది, పన్నెండు కిలోలు పెరగడం మామూలు. కాన్పుతో అందులో కొంతే పోతుంది. గర్భసంచి తన మామూలు పరిమాణానికి రావడానికే సుమారు 6 వారాలు పడుతుంది. మిగిలిన బరువు నెలలమీద నెమ్మదిగా దిగుతుంది. కొందరికి ఏడాది పట్టవచ్చు, కొందరికి కొంత ఉండిపోనూవచ్చు. ఛాతీ కొలత పాలిచ్చినంతకాలం ఒకటి, మాన్పించాక మరొకటి. ఇందులో ఎవరి తప్పూ లేదు. పాలిచ్చే తల్లికి మామూలు రోజులకంటే ఎక్కువ తిండి కావాలి. పాత జాకెట్టు పట్టాలని రాత్రి అన్నం మానేసే అమ్మాయిలున్నారు. వారి పెద్దలు కాస్త గట్టిగానే మందలించాలి.

ఇక పనిలోకి వద్దాం. మొదట బజారుకు వెళ్ళకండి. బిడ్డ నిద్రపోయిన ఒక మధ్యాహ్నం బీరువాలోని జాకెట్లన్నీ మంచంమీద పోయండి. తొడుక్కుని చూస్తూ మూడు కుప్పలు చెయ్యండి. ఇప్పటికిప్పుడు పట్టేవి ఒక కుప్ప. కుట్టు విప్పితే పట్టేవి రెండోది. ఏం చేసినా పట్టనివీ, వెనక హుక్కులవీ మూడోది. వెనక హుక్కుల జాకెట్టు ఎంత అందమైనదైనా పాలిచ్చే తల్లికి పనికిరాదు. దాన్ని ఈ ఏడాదికి మూటకట్టి పైన పెట్టవలసిందే.

రెండో కుప్పలోనే మీ డబ్బు దాగి ఉంది. జాకెట్టు తిరగేసి చంక కింది కుట్టు చూడండి. మంచి దర్జీ అయితే లోపల గుడ్డ వదిలి, రెండు మూడు వరసలు కుట్టి ఉంచుతారు. వరసకూ వరసకూ పావు అంగుళం ఎడం ఉందనుకోండి. రెండు పక్కలా ఒక్కొక్క వరస విప్పితే ముందు భాగాల్లోనూ వెనక భాగాల్లోనూ కలిపి నాలుగు పావులు, అంటే పూర్తిగా అంగుళం వదులు వస్తుంది. రెండు వరసలుంటే రెండంగుళాలు. ఆ వరస చేతి కిందిదాకా విప్పాలి. లేకపోతే ఛాతీ దగ్గర వదులై చేతి దగ్గర పట్టేస్తుంది. ఇది ఒక బ్లేడుముక్కతో ఇంట్లో అయ్యే పని. బ్లేడు మాత్రం పనికాగానే బిడ్డకు అందని చోట పెట్టండి.

లోపల గుడ్డ వదలని జాకెట్టు అయితే, చంక కిందనుంచి నడుము దాకా రెండు పక్కలా పట్టీ వేయించండి. అదే రంగు గుడ్డ దొరకకపోయినా చింతలేదు. ఒక పక్క పైట కప్పుతుంది, రెండోపక్క చెయ్యి కప్పుతుంది. కొత్త జాకెట్టుకయ్యే కూలితో పోలిస్తే దీనికయ్యేది కొద్ది. ఇలా నాలుగైదు బాగుచేయించుకుంటే పది చీరలు మళ్ళీ కట్టుకోవచ్చు.

ఆ తరవాతే కొత్తవి. ఇక్కడే చాలామంది పొరపడతారు. దర్జీ దగ్గరికి వెళ్ళగానే "ఆది జాకెట్టు ఇవ్వండమ్మా" అంటారు. మనవాళ్ళు బీరువాలోంచి బాగా కుదిరిన జాకెట్టు తీసి ఇస్తారు. అది ఎప్పటిది? పెళ్ళప్పటిది! పైగా "ఇంతకంటే కాస్త వదులు" అని ఒక మాట చేరుస్తారు. ఆ "కాస్త" దర్జీకి అరంగుళం, మనకు మూడంగుళాలు. చివరికి గుడ్డా పోతుంది, కూలీ పోతుంది, మనసూ నొచ్చుకుంటుంది. ఈసారి పాత ఆది ఇంట్లోనే వదిలి వెళ్ళండి. టేపుతో కొత్తగా కొలతలు తీయమనండి. బిడ్డకు పాలివ్వబోయే ముందు తీసిన కొలతే సరైన కొలత. ముందు హుక్కులు, లోపల కనీసం రెండు వరసల గుడ్డ, కాస్త పొడుగు చేతులు అని స్పష్టంగా చెప్పండి. ముందు ఒక్కటే కుట్టించి, తొడుక్కుని, కూర్చుని, చెయ్యెత్తి, బిడ్డను ఎత్తుకుని చూసి, బాగుంటే దాన్నే ఆదిగా ఇచ్చి మిగిలినవి కుట్టించండి. నూలు గుడ్డనూ, లైనింగు గుడ్డనూ కుట్టేముందు నీళ్ళలో తడిపి ఆరేసి ఇవ్వడం మరవకండి. లేకపోతే మొదటి ఉతుకుకే ముడుచుకుపోయి మళ్ళీ కథ మొదటికొస్తుంది.

ఎన్ని కుట్టించాలి? నాలుగు చాలు. చీరచీరకూ జోడు వెతికితే డబ్బు చాలదు. పలు చీరలకు నప్పే రంగులు ఎంచుకోండి. మెరూను ఒకటి, నలుపు ఒకటి, కలంకారీ అచ్చుది ఒకటి, పట్టుచీరల మీదికి బంగారు రంగుది ఒకటి. శుభకార్యాలకు నలుపు వద్దనే ఇళ్ళలో ముదురాకుపచ్చ తీసుకోవచ్చు. మన పెడనలో, మచిలీపట్నం చుట్టుపక్కల అచ్చు వేసే కలంకారీ గుడ్డలో ఎరుపు, నలుపు, పసుపు కలిసి ఉంటాయి కాబట్టి ఏ సాదా మంగళగిరి చీరకైనా ఇట్టే కలుస్తుంది. దానిమీద పాలమరక పడినా ఎదుటివాళ్ళకి కనబడదు. ఇది పైకి చెప్పుకోని లాభం!

జాకెట్టుకంటే ముందు కొనవలసినవి మరి రెండున్నాయి. వీటిమీద డబ్బు పెట్టడానికి మన ఆడవాళ్ళు మహా వెనకాడతారు. ఒకటి లోపలి బాడీలు. పాత బాడీ బిగించుకుని, దానిమీద ఎంత మంచి జాకెట్టు వేసుకున్నా సుఖముండదు. బిగువైన బాడీ పాలిచ్చే తల్లికి నొప్పులు తెచ్చిపెడుతుంది కూడా. పాలిచ్చే తల్లులకోసం ముందు విప్పుకునేలా కుట్టినవి మూడు కొనుక్కోండి: ఒకటి ఒంటిమీద, ఒకటి తీగమీద, ఒకటి బీరువాలో. రెండోది లోపలి లంగా. సన్నని బొందు నడుములోకి దిగి వాత తేలుస్తుంది. ఆపరేషను అయినవారికి కుట్లదగ్గర ఒరుసుకుంటుంది. వెడల్పు పట్టీ కుట్టించి, కుట్లకు తగలకుండా పైకి కట్టుకోండి.

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. రోజుకు ఇరవై గంటలు ఇంట్లో ఉండేవారికి ఇంటిబట్టలే ముఖ్యం. జిప్పున్న నూలు నైటీలు రెండు, ముందు గుండీలున్న కుర్తాలు రెండు ఉంటే వారం సులభంగా గడుస్తుంది. పెళ్ళికిముందు వదులుగా కుట్టించుకున్న చుడీదారు పైబట్టలుంటే చంక కింద కుట్లు చూడండి. జాకెట్టు లెక్కే వాటికీ వర్తిస్తుంది. బిడ్డ బుగ్గ ఆనే చోట జరీ, పూసలు, పిన్నీసులు వద్దు. గంజి బిరుసూ వద్దు. పాలమరకనూ, బిడ్డ కక్కినదాన్నీ ముందు చన్నీళ్ళతో కడిగి, తరవాతే సబ్బు పెట్టండి. వేణ్ణీళ్ళు పోస్తే మరక గుడ్డలోకి ఇంకిపోతుంది.

ఉద్యోగాలు చేసే అమ్మాయిలకి ఇంకో లెక్క ఉంది. 1961 నాటి ప్రసూతి ప్రయోజనాల చట్టం 12 వారాల సెలవిచ్చింది. 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకూ అది 26 వారాలైంది. అందులో 8 వారాలు కాన్పుకు ముందే వాడుకోవచ్చు. అలా వాడుకున్నవారు తిరిగి పనిలో చేరేసరికి బిడ్డకు నాలుగు నెలలు దాటి కొద్దిరోజులే అవుతుంది. అంటే ఇంకా పాలిచ్చే రోజులే, ఇంకా కొలతలు మారే రోజులే. కాబట్టి చేరడానికి మూడు వారాల ముందే ఆది తీయించుకోండి. మూడు చీరలు, రెండు కుర్తాలు చేతికందేలా పెట్టుకుంటే వారం వెళ్ళిపోతుంది. అవే మళ్ళీ వచ్చేవారం కట్టుకోవచ్చు. స్టాఫ్ రూములో ఎవరూ చీరలు లెక్కపెట్టుకుని కూర్చోరు. పెట్టుకున్నా మనకు పోయేదేమీ లేదు.

కూలి ఊరూరికీ మారుతుంది కాబట్టి అంకెలు చెప్పను, పాళ్ళు చెబుతాను. మీ దగ్గరున్న డబ్బు పది పాళ్ళు చెయ్యండి. నాలుగు పాళ్ళు జాకెట్లకి, అంటే గుడ్డలు, కూలి, పాతవాటి బాగుచేతకి. మూడు పాళ్ళు లోపలి బట్టలకి. రెండు ఇంటిబట్టలకి. మిగిలిన ఒక్క పాలూ ముట్టుకోకుండా దాచండి. బిడ్డ పాలు మానేశాక ఈ జాకెట్లన్నీ బిగించుకోవలసి వస్తుంది. దాని కూలి అది. చీరకు ఒక్క పాలూ చెప్పలేదని గమనించారా? చీర ఇప్పుడు కొనవలసింది కాదు.

పెద్దలకు ఒక మాట. కూతుర్ని పురుడుపోసి పంపేటప్పుడు మరో పట్టుచీర పెట్టేబదులు, రెండు నూలుచీరలు పెట్టి, వాటి జాకెట్లు కొత్త ఆదితో కుట్టించి పంపండి. ఖర్చు తగ్గుతుంది, పిల్ల మర్నాటినుంచే కట్టుకుంటుంది. అత్తగార్లూ, పురుటికని పాత నూలుచీరలన్నీ పొత్తిగుడ్డలుగా, బొంతలుగా చింపినప్పుడు కోడలికి ఇంట్లో కట్టుకునే మెత్తని చీరలు రెండైనా మిగిలాయో లేదో చూడండి.

ఇక భర్తలకు. పసివాడికి కొన్న డజను గౌన్లూ మూడు నెలల్లో పట్టకుండా పోతాయి. అప్పుడు "వీడు ఎదుగుతున్నాడు" అని మురిసిపోతూ మళ్ళీ కొంటారు. ఆ ఎదుగుదలకి పాలుపోస్తున్న మనిషి జాకెట్టు పట్టకపోతే మాత్రం ఇంట్లో జమాఖర్చు పుస్తకం తెరుస్తాం! బిడ్డ ఖర్చు రాసుకునే కాగితంమీదే తల్లి బట్టలకి ఒక వరస ముందుగా రాసిపెట్టండి. ఆవిడ వచ్చి అడగవలసిన అవసరం రాకూడదు.

అమ్మాయిలూ, మూడో కుప్ప మూటమీద ఇవాళ్టి తేదీ రాసి పెట్టండి. ఏడాది తిరిగాక విప్పి చూడండి. పట్టినవి వాడుకోండి, పట్టనివి ఎవరికి సరిపోతాయో వారికి ఇచ్చెయ్యండి. ఈలోగా చుట్టాల పెళ్ళి ఏదైనా వస్తే, కలంకారీ జాకెట్టుమీద మంగళగిరి చీర కట్టుకుని బిడ్డనెత్తుకు వెళ్ళిరండి.