ఏ ట్వీటర్ అని అడక్కండి

నేను స్పీకర్లు సొంతంగా కట్టుకుంటానని తెలిసిన ఏ సాఫ్ట్‌వేర్ మిత్రుడైనా అడిగే మొదటి ప్రశ్న ఒకటే. "ఏ ట్వీటర్ వాడావు?" రెండోది, "ఎంతయింది?" ఈ రెండింటికీ జవాబు చెప్పేస్తే, ఇంక ఆ స్పీకర్ గురించి తెలుసుకోవాల్సిందేమీ లేదన్నట్టు టీ తాగడానికి వెళ్ళిపోతారు. నాకైతే అసలు ఆ ప్రశ్నే తప్పనిపిస్తుంది.

ముందు ఒక మాట. డ్రైవర్ అంటే ఇక్కడ ప్రింటర్ డ్రైవరూ కాదు, క్యాబ్ డ్రైవరూ కాదు :) స్పీకర్ పెట్టెలో శబ్దం పుట్టించే ఒక్కో యూనిట్‌నీ డ్రైవర్ అంటారు. బరువైన శబ్దాలకి పెద్ద కోను ఉన్న వూఫర్, సన్నని శబ్దాలకి చిన్న డోమ్ ఉన్న ట్వీటర్, ఎవరి పని వాళ్ళకి పంచి ఇవ్వడానికి మధ్యలో క్రాసోవర్. ఖరీదైన స్పీకర్లలో కూడా ఎక్కువ శాతం ఇంతే. కాబట్టి నేను అడగమనే ప్రశ్న ఇది: ఈ రెండూ ఎక్కడ కలుస్తున్నాయి, ఆ కలిసే చోట రెండింటి తీరూ ఒకటేనా? జత లక్ష రూపాయల దాకా పలికే బెరీలియం ట్వీటర్ తెచ్చి, దానితో పొసగని వూఫర్ పక్కన పెడితే ఏమవుతుందో మనకి వేరే ఎవరూ చెప్పక్కర్లేదు. యూనిట్ టెస్టులన్నీ పచ్చగా పాసై, ఇంటిగ్రేషన్ రోజున రెండు టీములూ ఒకరి మొహం ఒకరు చూసుకున్న ప్రాజెక్టులు మనందరం చేసినవాళ్ళమే.

దీనికి హై-ఎండ్ దాకా ఎందుకు, మా గుత్తిలో పెళ్ళి ఊరేగింపు చూస్తే చాలు. నా చిన్నప్పుడు గుడి మీద, చెట్టు మీద కట్టే మైకు సెట్టు హారన్లు ఉండేవి. ఎక్కువగా అహూజా వాళ్ళవి. బాస్ అనేది మచ్చుకైనా ఉండదు, పైన తళుకూ ఉండదు. కానీ ఆ హారన్ వెనక ఉండేది ఒక్కటే యూనిట్. మనిషి మాట అర్థం కావడానికి కావాల్సినదంతా దాదాపు 300 నుంచి 3400 హెర్ట్జ్ మధ్యలోనే ఉంటుంది, పాత టెలిఫోన్లు నడిచింది ఆ పట్టీ మీదే. ఆ పట్టీని ఒక్క యూనిటే మోసేది, మధ్యలో అతుకు లేదు. అందుకే తప్పిపోయిన పిల్లాడి గురించి ఎవరైనా మైకులో చెప్తే ఊరవతల పొలంలో ఉన్నవాళ్ళకి కూడా పేరుతో సహా వినపడేది.

ఇప్పుడు వచ్చే డీజే డబ్బాలు చూడండి. కింద 18 అంగుళాల బాస్, పైన 15 అంగుళాల కోను, దాని మీద ఒక చిన్న హారన్ ట్వీటర్. 15 అంగుళాల కోను 700 హెర్ట్జ్ దాటినప్పటి నుంచి టార్చిలైటు లాగా ఎదురుగా మాత్రమే శబ్దాన్ని కొట్టడం మొదలుపెడుతుంది. చవక హారన్ ట్వీటరేమో 2000 హెర్ట్జ్ కిందికి దిగితే కాలిపోతుంది. అంటే పక్కన నిలబడ్డ వాడికి 1000 నుంచి 2500 దాకా ఒక గుంట. గొంతులోని హల్లులన్నీ ఆ గుంటలో పడిపోతాయి. దానికి తోడు ఈక్వలైజర్‌లో మధ్యన కిందికి లాగి అటూ ఇటూ పైకి లేపే అలవాటొకటి. గుండె అదురుతుంది కానీ పాటలో ఒక్క మాటా తెలీదు. మా వీధిలో నలభై ఏళ్ళు మైకు సెట్టు నడిపిన పెద్దాయన ఒకరున్నారు. డీజే బండి పోతుంటే నాతో అన్నాడు, "అబ్బీ, డబ్బాలు పదున్నాయి, గొంతు యాడుంది?" నేను చదివిన ఇంజనీరింగ్ పుస్తకాల్లో క్రాసోవర్ గురించి ఇంతకంటే సూటిగా రాసినవాళ్ళు లేరు.

సరే, ఇంట్లో పెట్టుకునే స్పీకర్ సంగతికి వద్దాం. నేనైతే వూఫర్‌తో మొదలుపెడతాను. ఆరున్నర అంగుళాల వూఫర్‌లో నిజంగా కదిలే భాగం వ్యాసం 13 సెంటీమీటర్లు. అది దాదాపు 1700 హెర్ట్జ్ నుంచి బిగుసుకోవడం, అంటే పక్కలకి శబ్దం తగ్గించడం మొదలుపెడుతుంది. 8 అంగుళాలదైతే 1300 దగ్గరే. ఒక అంగుళం డోమ్ ట్వీటర్ అక్కడ ఇంకా గదంతా పరుచుకుంటూ ఉంటుంది. 8 అంగుళాల వూఫర్‌ని 3000 దగ్గర మామూలు డోమ్‌కి కలిపారనుకోండి, ఎదురుగా మైకు పెట్టి కొలిస్తే గీత గీసినట్టు వస్తుంది, పక్కకి జరిగి కొలిస్తే 2000 దగ్గర పల్లం, 4000 దగ్గర మిట్ట. దీన్ని ఏ ఈక్వలైజరూ సరిచేయలేదు, ఎందుకంటే ఎదురుగా సరిచేస్తే పక్కన చెడుతుంది. మార్గాలు రెండే. చిన్న వూఫర్ తీసుకోవాలి, లేదా ట్వీటర్‌కి వేవ్‌గైడ్ అనే పళ్ళెం లాంటిది బిగించి దాని పరుపును వూఫర్‌కి సరిపోయేలా తగ్గించాలి.

మన ఇళ్ళలో ఇది మరీ ముఖ్యం. తివాచీ, దళసరి పరదాలు, చెక్క గోడలు ఉన్న గదుల్లో రాసిన రివ్యూలు చదివి మనం కొంటాం. మా గుత్తి ఇంట్లో కింద తాడిపత్రి బండలు, పైన మిద్దె, చుట్టూ సున్నం కొట్టిన గోడ. బెంగళూరు ఫ్లాట్‌లో టైల్స్, గాజు తలుపులు. ఇలాంటి గదిలో చెవికి చేరేదాంట్లో పెద్ద వాటా గోడకి కొట్టుకుని వచ్చిందే. పక్కకి పోయే శబ్దం వంకరగా ఉంటే ఆ వంకరే గదంతా నిండుతుంది. కెనడా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్‌లో ఫ్లాయిడ్ టూల్ చేసిన పరీక్షలు 1985-86లో అచ్చయ్యాయి. ఎదురుగా సమంగా ఉండి, పక్కలకి పోయేకొద్దీ నునుపుగా తగ్గే స్పీకర్లనే శ్రోతలు మెచ్చుకున్నారని తేలింది. ఆయనే తరవాత హార్మన్‌లో షాన్ ఆలివ్‌తో కలిసి 1994లో ఇంకో సంగతి చూపించాడు: తెర తీసేసి స్పీకర్‌ని కంటికి కనపడనిస్తే మార్కులు మారిపోతాయి. ఏ ట్వీటర్ అని ముందే అడిగేవాళ్ళు ఈ రెండో పేపరు ఒకసారి చదవాలి.

ట్వీటర్ ఎంత కిందికి దిగగలదన్నది తరవాతి లెక్క. దాని సహజ కంపనం 600 హెర్ట్జ్ దగ్గర ఉంటే, అంతకి మూడు రెట్ల పైన, అంటే 2000 చుట్టుపక్కల కలిపితే అది కష్టపడదు. పెద్ద ధరల్లో దొరికే మెగ్నీషియం, అల్యూమినియం కోన్లకి ఇంకో చిక్కుంది. అవి కింద ఎంత శుభ్రంగా ఉన్నా, 5000 హెర్ట్జ్ దగ్గర గంట కొట్టినట్టు మోగుతాయి. క్రాసోవర్‌తో ఆ మోతను తొక్కేయొచ్చు గానీ, 1670 దగ్గర పుట్టే మూడో హార్మోనిక్ సరిగ్గా ఆ 5000 మీదే పడి పెద్దదవుతుంది, ఎందుకంటే అది కోనులో పుట్టేది, ఫిల్టర్ దాటిన తరవాత. కాబట్టి మెటల్ కోను కొన్నవాడు ఇంకా కిందే ట్వీటర్‌కి అప్పగించాలి. అంటే ఖరీదైన వూఫర్ కొనగానే ట్వీటర్ ఎంపిక సగం మీ చేతుల్లోంచి పోయినట్టే. అదే కాగితపు కోను అయితే చాలావరకు మెల్లగా తప్పుకుంటుంది. నాకు కాగితం మీద ఉన్న మోజుకి కారణం ఇదే, పాతకాలం మమకారం కాదు.

ఇంక దూరాలు. 2000 హెర్ట్జ్ దగ్గర తరంగదైర్ఘ్యం 17 సెంటీమీటర్లు. రెండు డ్రైవర్ల నడిమి దూరం అంతకి మించితే, లేచి నిలబడితే ఒక రకంగా, కూర్చుంటే ఒక రకంగా వినిపిస్తుంది. పైగా వూఫర్ కాయిల్ ట్వీటర్ కంటే రెండు మూడు సెంటీమీటర్లు లోపలికి ఉంటుంది. 2500 దగ్గర రెండున్నర సెంటీమీటర్లంటే 65 డిగ్రీల ఫేజ్ తేడా. జీగ్‌ఫ్రీడ్ లింక్‌విట్జ్ అనే హ్యూలెట్-ప్యాకర్డ్ ఇంజనీరు 1976లో రాసిన పేపరంతా ఈ ఒక్క బాధ గురించే: డ్రైవర్లు రెండూ ఒకే చోట లేవు, ఏం చేయాలి? తోటి ఉద్యోగి రస్ రైలీతో కలిపి ఆయన పేరు ఇప్పటికీ ప్రతి క్రాసోవర్ సాఫ్ట్‌వేర్ మెనూలోనూ కనిపిస్తుంది. కోఠీ గుజరాతీ గల్లీలోనో, ఎస్పీ రోడ్డులోనో రెడీమేడ్ క్రాసోవర్ బోర్డు కొనుక్కొచ్చి బిగించేవాళ్ళని చూస్తే నాకు జాలేస్తుంది. ఆ బోర్డు లెక్కంతా డ్రైవర్ అంటే 8 ఓమ్‌ల రెసిస్టర్ అనుకుని వేసింది. ఏ డ్రైవరూ అలా ఉండదు, రెజొనెన్స్ దగ్గర అదే 30 ఓమ్‌లు దాటుతుంది.

సెన్సిటివిటీ సంగతి అంత పెద్ద చిక్కు కాదు. ట్వీటర్ గట్టిగా ఉంటే రెసిస్టర్‌తో తగ్గించుకోవచ్చు. వూఫర్ డేటాషీట్ మీద 88 డెసిబెల్స్ అని ఉన్నా, సన్న పెట్టెలో కింది శబ్దాలు వెనక్కి చుట్టుకుపోయి చివరికి దక్కేది 83, 84 అని గుర్తుంటే చాలు.

మ్యాచింగ్‌లో ఇంకో సగం ఎడమకీ కుడికీ మధ్య. దీనికి నాకు తెలిసిన మంచి ఉదాహరణ బీబీసీ వాళ్ళ ఎల్ఎస్3/5ఎ. 1970ల మొదట్లో, బయటి కార్యక్రమాల వ్యానుల్లో పెట్టుకోవడానికి వాళ్ళ పరిశోధన విభాగం తయారుచేసిన చిన్న పెట్టె. కెఫ్ కంపెనీ బీ110 వూఫర్, టీ27 ట్వీటర్. రెండూ అప్పట్లో అంగట్లో దొరికేవే, బెరీలియమూ లేదు, వజ్రమూ లేదు. కలిపింది 3000 దగ్గర, అంటే గొంతులో ముఖ్యమైన భాగమంతా ఒక్క కోనే పాడుతుంది, మన హారన్ లాగే. ఆ వూఫర్ చిన్నది, అయిదు అంగుళాలదే కాబట్టి అంత పైకి పోయినా చెల్లింది. కానీ ఏ కంపెనీ తయారుచేసినా శబ్దం ఒకేలా ఉండాలన్నది బీబీసీ పట్టు. అందుకే డ్రైవర్లను ఏరి జతపరిచేవారు. 1980ల చివర్లో కెఫ్ వూఫర్లు మెల్లగా మారిపోయాయని తేలితే, డ్రైవరూ క్రాసోవరూ రెండూ సవరించారు. 15 ఓమ్‌ల పెట్టె 11 ఓమ్‌లదయింది. ఆ స్పీకర్ ఇవ్వాళ్టికీ పోలికలు కట్టి, కాపీలు కొట్టి అమ్ముడుపోతోందంటే దానిలో ఉన్న గొప్ప డ్రైవర్ వల్ల అనుకుంటే పొరపాటే.

ఇదంతా కొలవకుండా కుదరదు. ఫ్లాట్‌లో పైకప్పు 2.7 మీటర్లు. స్పీకర్‌నీ మైకునీ సరిగ్గా సగం ఎత్తులో, మీటరు ఎడంగా పెట్టినా, నేల నుంచి ప్రతిబింబం అయిదున్నర మిల్లీసెకన్లలో వచ్చేస్తుంది. దాన్ని కత్తిరించేస్తే 180 హెర్ట్జ్ కంటే వివరంగా చూడలేం. ఇక్కడే మా ఊరు పనికొస్తుంది. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. వేసవిలో చెనక్కాయ చేను మైదానంలా ఉంటుంది, కనుచూపు మేరలో చెట్టుండదు. పిట్టలు తోలే మంచె మూడు మీటర్ల ఎత్తు. స్పీకర్ దాని మీద, మైకు గడకర్రకి కట్టి మీటరు దూరంలో. 14 మిల్లీసెకన్ల దాకా ఏ ప్రతిధ్వనీ రాదు, 70 హెర్ట్జ్ దాకా చూడొచ్చు. గుత్తి కోట కొండ కిలోమీటరు అవతల ఉంది కాబట్టి దాని నుంచి వచ్చే మోత అయిదు సెకన్ల తరవాతి మాట. డబ్బున్న కంపెనీలు కోట్లు పెట్టి కట్టుకునే గది మాకు కరువు ఉచితంగా ఇచ్చింది!

గాలితోనే గొడవ. మా జిల్లాలో గాలిమరలు ఊరికే పెట్టలేదు కదా. తెల్లవారి అయిదింటికి మొదలుపెట్టి ఏడింటికల్లా ముగించాలి. జంక్షన్ వైపు గూడ్సు బండి కదిలితే కింది శబ్దాలన్నీ పాడు, అది పోయేదాకా ఆగి మళ్ళీ స్వీప్ వేయాలి.

"చెవి ఉండగా కొలతలెందుకు" అనేవాళ్ళుంటారు. చెవి మీద నాకూ గౌరవమే. పైన చెప్పిన మైకు సెట్టు పెద్దాయన ఏ గ్రాఫూ చూడడు. కానీ ఆయన కూడా చెవి మీదే వదిలేయడు. ఒకటిన్నర వోల్టుల బ్యాటరీ తాకించి, కోను ముందుకొచ్చిందా వెనక్కి పోయిందా చూసి గానీ వైరు కలపడు. అదీ కొలతే. నా పద్ధతి దానికి పొడిగింపు అంతే: ఒకే బ్యాచ్ నుంచి నాలుగు ట్వీటర్లు కొని, నాలుగూ మంచె మీద కొలిచి, అర డెసిబెల్ లోపల కలిసే రెంటిని ఉంచుకుంటాను. చవక ట్వీటర్లు కొనేవాడికే ఈ వెసులుబాటు ఉంటుంది, లక్ష పెట్టినవాడు జత కొని దణ్ణం పెట్టుకోవాలి.

ఈ పని జనవరి నుంచి మే దాకానే. జూన్‌లో నాలుగు చినుకులు పడి విత్తనం వేస్తే చేలోకి అడుగు పెట్టనివ్వరు, కొలతలు మళ్ళీ ఏడాదికే. ఈ ఒక్క ఆటంకం కోసం మాత్రం ఊరందరితో పాటు నేనూ మబ్బుల వైపే చూస్తుంటాను.