వేళ్ల వేగం కాదు, ఊపిరి పలకాలి

మన పాఠశాలలో వేణువు పోటీ అంటే, ఎవరు వేగంగా వాయిస్తే వారికే చప్పట్లు. ఇది సరికాదని మా అభిప్రాయం.

కర్ణాటక సంగీతపు వేణువుకు ఊదే రంధ్రం కాక ఎనిమిది రంధ్రాలుంటాయి. వాటిని పూర్తిగా మూయడం, తెరవడం మాత్రమే నేర్చుకుంటే స్వరాలు పలుకుతాయి గానీ రాగం పలకదు. వేలిని మెల్లగా జరిపి, రంధ్రాన్ని కొద్దికొద్దిగా తెరిస్తేనే గమకం వస్తుంది. ‘మాలి’గా పేరుపొందిన టి.ఆర్. మహాలింగం (1926–1986) వేణువును గాత్రంలా పలికించారు కాబట్టే ఈనాటికీ ఆయన్ని తలుచుకుంటున్నాం.

అందుకే ముందు పాడాలి, తర్వాత వాయించాలి. కీర్తనలో మాట ముగిసిన చోటే ఊపిరి తీసుకోవాలి. మధ్యలో తీసుకుంటే మాట విరిగిపోతుంది. రోజూ పది నిమిషాలు ఒకే స్వరాన్ని సన్నగా మొదలుపెట్టి, పెంచి, వణకకుండా తగ్గించడం సాధన చేయాలి.

మనకు బదిలీలు మామూలే. కొన్నేళ్లకో ఊరు, ఊరికో గురువు. ఉత్తరాదికి వెళితే సాధారణంగా ఆరు రంధ్రాల బాన్సురీ చేతికొస్తుంది. వేళ్లు మళ్లీ మొదటి నుంచి నేర్చుకోవాలి. కానీ పాడి నేర్చుకున్న పాట, అదుపులోకి వచ్చిన ఊపిరి మనతోనే వస్తాయి.

కాబట్టి వచ్చే పోటీలో ప్రతి ఒక్కరూ నెమ్మదిగా సాగే కీర్తన ఒకటి వాయించాలనే నియమం పెట్టమని మా ఉపాధ్యాయులను కోరుతున్నాం.